మాంసము కోయువారికి నిదానమే రక్ష

గొర్రెపిల్ల పుట్టినది మొదలు పొట్టేలై సంతకు వచ్చువరకు మీరు ఎంత ఓపిక పట్టెదరో మీకు తెలియును. మేపులో తొందరపడరు. నట్టల మందు త్రాగించుటకు అదను చూచెదరు. బేరమునకు కూర్చున్నచో పూట గడిచినను లేవరు. కాని ఆ పొట్టేలును కోయునాడు మాత్రము గంటసేపు ఆగుటకు మనకెవరికిని ఓపిక ఉండదు. ఆ ఒక్క గంటలోనే మాంసముపై పడవలసిన కత్తి వేలిపై పడుచున్నది.

విత్తనములు, ఎరువులు, పాడి గురించి చదువుకొను ఈ పుటలలో మాంసము కోయువాని కత్తి ముచ్చట యేల అని కొందరికి తోచవచ్చును. 2019వ సంవత్సరపు పశుగణన ప్రకారము తెలంగాణలో సుమారు 1 కోటి 90 లక్షల గొర్రెలు, ఆంధ్ర ప్రదేశ్‌లో సుమారు 1 కోటి 76 లక్షల గొర్రెలు గలవు. ఈ లెక్కలో దేశమునందు మొదటి రెండు స్థానములు మన రెండు రాష్ట్రములవే. జీవములను పెంచువారికి ఫలము చేతికందునది చివరకు కోయువాని మొద్దు దగ్గరనే గదా! ఆ మొద్దు దగ్గర పనిచేయు మనిషి క్షేమము మన వ్యవసాయములోని భాగమే.

నేను చెప్పదలచినది ఒక్కటే. మాంసము కోయుచోట వేళ్ళు తెగుటకు కోయువాని నేర్పులేమి కంటె చుట్టూ నిలిచిన మన తొందరయే పెద్ద కారణము. కావున దానిని సరిదిద్దు బాధ్యత కోయువానిది మాత్రమే కాదు. మాంసము కొనువారిది, గ్రామ పెద్దలది కూడ.

ఒక కనుమ నాటి సంగతి

కొన్నేండ్ల క్రిందట కనుమ నాడు మా ఊరి రావిచెట్టు క్రింద నేను చూచిన సంగతి చెప్పెదను. తెల్లవారకముందే మూడు పొట్టేళ్ళను కోసి, తాటాకులు పరచి, వాటిపై పోగులు వేయుచుండిరి. కోయువాడు ఇరువది రెండేండ్ల యువకుడు. చిన్ననాటి నుండి తండ్రి వద్ద పని నేర్చి చేయి తిరిగినవాడు. చుట్టూ ఇరువది మంది సంచులు, గిన్నెలు పట్టుకొని నిలిచియుండిరి.

"పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చానురా, ముందు నాది కొట్టు" అని ఒకరు. "అల్లుడు వచ్చి కూర్చున్నాడు తమ్ముడూ, నాకు తొడ ముక్క వెయ్యి" అని ఒకరు. "రాత్రే చెప్పాను గదా, నన్ను మరిచావేం?" అని మరొకరు. ఆ యువకుడు ఒకరికి జవాబు చెప్పుచు, ఇంకొకరి వైపు చూచుచు బరువు కత్తిని దించెను. ఎడమ చేతి చూపుడు వేలి కొన తెగిపోయెను.

తరువాత జరిగినది ఇంకను విచారకరము. ఒకరు కాఫీ పొడి తెచ్చి గాయముపై అద్దిరి. ఒకరు పాత గుడ్డ చుట్టిరి. తెగిన వేలి కొన మొద్దు ప్రక్కనే పడియుండగా ఎవరో దానిని ఆకుతో తీసి అవతల పారవేసిరి. అతడు ఆసుపత్రికి చేరుసరికి మధ్యాహ్నమయ్యెను. ఈలోగా మిగిలిన మాంసమును అలవాటులేనివారు కోసి పంచిరి. "వాడికి ఇంకా నేర్పు చాలదు" అనుకొనుచు అందరును ఇండ్లకు పోయిరి. ఆ యువకుడు నాలుగు నెలలు కత్తి పట్టలేక, ఇల్లు గడుచుటకు తన మేకలను అమ్ముకొనెను.

ఆ గుంపులో సంచి పట్టుకొని "త్వరగా కానియ్యి" అన్నవారిలో నేనును ఒకడను. అందువలననే ఈ మాటలు వ్రాయుచున్నాను.

మొండి కత్తి మోసము చేయును

పదును కత్తి కంటె మొండి కత్తియే ప్రమాదకరమని చెప్పినచో పలువురు నమ్మరు. కాని కొడవలి విషయములో ఈ సంగతి మీకు అనుభవమే. పదునైన కొడవలి వరి దుబ్బును తాకగానే తెంపును. మొండి కొడవలిని బలముకొద్దీ లాగవలసివచ్చును. అది జారి కాలికో వేలికో తగులును. మాంసపు కత్తి కూడ అంతే. పదును లేనపుడు చేతి బలము పెరుగును. బలము పెరిగినకొలది కత్తి మన అదుపు తప్పును.

కావున పని మొదలుపెట్టుటకు ముందు సానరాయిని తడిపి, కత్తి మొదలు నుండి కొన వరకు రెండు ప్రక్కల ఒకే వాలులో పదును పెట్టవలెను. పని నడుమ పదును తగ్గినట్లు తోచినపుడు ఉక్కు కడ్డీపై నాలుగైదుసార్లు రాచిన చాలును. పదును చూచుటకు బొటనవ్రేలితో తడుమరాదు. ఒక కాగితమును పట్టుకొని కోసి చూచిన తెలిసిపోవును.

ఒకే బరువు కత్తితో తోలు తీయుట మొదలు ఎముక నరుకుట వరకు అన్ని పనులును చేయువారు మన పల్లెలలో పెక్కుమంది. ఇది మానవలెను. తోలు తీయుటకు కొన వంపు తిరిగిన చాకు, ఎముక నుండి కండను విడదీయుటకు సన్నని చాకు, మొద్దుపై నరుకుటకు బరువు కత్తి వేరువేరుగా ఉండవలెను. పిడి వదులైన కత్తిని ఆ క్షణమే ప్రక్కన పెట్టవలెను. కొవ్వు అంటిన పిడి సబ్బు కంటె ఎక్కువగా జారును. కాబట్టి వేడినీరు, సబ్బు, పొడిగుడ్డ చేతికి అందుచోట ఉంచుకొని, చేయి జిడ్డైనపుడెల్ల కడిగి తుడుచుకొనవలెను.

చేయి ఎక్కడ, కత్తి ఎక్కడ

కత్తి పోవు దారిలో చేయి ఉండరాదు. నియమము ఇంత చిన్నది. మరచుట అంతకంటె సులభము. పట్టుకొను చేతి వేళ్ళను లోనికి ముడుచుకొనవలెను. కత్తిని శరీరము నుండి అవతలికి నడపవలెనే గాని పొట్టవైపు, తొడవైపు లాగరాదు. సన్నని చాకు జారి తొడలో దిగినచో అచటి పెద్ద రక్తనాళము తెగి నిమిషములలో ప్రాణాపాయము కలుగును. నేలపై గొంతుకూర్చుండి, మోకాళ్ళ నడుమ మాంసము పెట్టుకొని కోయు అలవాటు ఇందుచేతనే మంచిది కాదు.

చేయి జారి క్రింద పడుచున్న కత్తిని పట్టుకొనబోరాదు. కాలు వెనుకకు తీసి దానిని పడనీయవలెను. కత్తికి మరల పదును పెట్టవచ్చును గాని తెగిన నరమునకు పెట్టలేము. కత్తిని మాంసపు కుప్ప క్రింద గాని, నీళ్ళ తొట్టిలో గాని వదలరాదు. కనపడక మరొకరి చేతిని కోయును. ఎవరైనను మాట్లాడించినచో కత్తిని ముందు మొద్దుపై పెట్టి, ఆ తరువాతనే తల ఎత్తవలెను. చెవికి సెల్ ఫోను ఆనించుకొని కోయుట, కల్లు త్రాగి కత్తి పట్టుట, పిల్లలను కాలు పట్టుకొమ్మని దగ్గర నిలుపుట, ఈ మూడును ఎంతమాత్రము తగవు.

సన్నని ఉక్కు రింగులతో అల్లిన చేతితొడుగులు నేడు దొరకుచున్నవి. ఎముక నుండి కండ విడదీయునపుడు ఎడమ చేతికి అది వేసుకొనిన గొప్ప రక్షణ. కాని బరువు కత్తి దెబ్బను అది ఆపజాలదు. తిరుగుచున్న విద్యుత్తు రంపము వద్ద దానిని వేసుకొనరాదు. రంపపు పండ్లకు చిక్కినచో చేతిని కూడ లోనికి లాగివేయును. రంపము వద్ద మాంసమును చేతితో గాక చెక్క ముక్కతో నెట్టవలెను.

కీలు తెలిసినవాడు తక్కువ నరకును

నిదానమునకు ఫలము మాంసములోనే కనపడును. కాలిని ఒకసారి మడిచి, చాచి చూచినచో కీలు ఎక్కడ ఉన్నదో వ్రేలికి తెలియును. ఆ కీలు చుట్టు ఉన్న నరములను సన్నని చాకుతో తెంపినచో కాలు దానంతట విడివడును. తొందరలో ఉన్నవాడు కీలు వెదకక ఎముకపైనే నాలుగు దెబ్బలు వేయును. ప్రతి దెబ్బకు ఎముక చితికి సన్నని పెళుసులు మాంసములో కలియును. అవి తినువాని గొంతుకు అడ్డుపడును. పసిపిల్లలకు మరీ అపాయము. ఎముకపై వంకరగా తగిలిన కత్తి ప్రక్కకు జారి కోయువాని చేతికే తగులును. అనగా ఒక్క తొందర వలన కోయువానికి, తినువానికి ఇరువురికిని చేటు.

మొద్దు సంగతి కూడ చూడవలెను. చింత మొద్దు మన పెద్దలు ఎంచుకొనినదే, గట్టిది, చీలదు. కాని అది కదలకుండ నిలువవలెను. కోయువాడు నిలుచుండి పనిచేయునపుడు నడుము వంగనంత ఎత్తుండవలెను. పని ముగిసిన తరువాత గీకి, ఉప్పు రుద్ది, వేడినీటితో కడిగి ఎండబెట్టవలెను. పాదముల క్రింద నెత్తురు, నీరు నిలువరాదు. కాలు జారినవాని చేతిలోని కత్తి ఎటు పోవునో ఎవరు చెప్పగలరు?

కోయకముందు కూడ ఓపిక వలయును

సంత నుండి మండుటెండలో తోలుకొని వచ్చిన జీవమును వెంటనే కోయుట మంచిది కాదు. అలసి బెదిరిన జీవము కండలలోని చక్కెర వంటి పదార్థము ఖర్చయిపోవును. కోసిన తరువాత ఆ పదార్థమే ఆమ్లముగా మారి మాంసమును నిలువచేయవలసియుండగా, అది లేనందున మాంసము నల్లబడి, జిగటగా ఉండి, త్వరగా చెడును. 2001 నాటి వధశాలల నియమములు పశువైద్యుని పరీక్ష, కోతకు ముందు 24 గంటల విశ్రాంతి ఉండవలెనని చెప్పుచున్నవి. ఒక జీవము చూచుచుండగా మరొక జీవమును కోయరాదని కూడ ఆ నియమములలో కలదు. పల్లెలో మనము కోయు జీవమునకు కూడ ఒక రాత్రి నీడ, కడుపునిండ నీరు ఇచ్చుట కష్టమైన పని కాదు. పన్నెండు గంటలు మేత ఆపినచో పొట్ట తేలికపడి, కోయునపుడు పగిలి మాంసమును పాడుచేయదు.

తోలు తీయునపుడు జీవమును నేలపై దొర్లించుట కంటె వెనుక కాళ్ళతో వ్రేలాడదీయుట అన్నివిధముల మేలు. నెత్తురు బాగుగా దిగును; మన్ను అంటదు; కోయువాని రెండు చేతులును కంటి ఎదుటనే ఉండును. మొదటి గాట్లు పెట్టిన తరువాత తోలును కత్తితో గాక పిడికిలితో త్రోసినచో తోలుకు చిల్లి పడదు, చేతికి గాయము కాదు.

కడుపు విప్పినపుడు కాలేయమును, ఊపిరితిత్తులను వెలుతురులో చూచుటకు ఒక్క నిమిషము చాలును. వాటిలో నీటి బుడ్డలు ఉన్నచో ఆ భాగమును కుక్కలకు వేయరాదు. కాల్చివేయవలెను లేదా లోతుగా పూడ్చవలెను. కుక్క దానిని తినినచో దాని కడుపులో బద్దె పురుగులు పెరుగును. వాటి గ్రుడ్లు కుక్క మలము ద్వారా మేతలో, నీటిలో, మన చేతులపై పడి, గొర్రెలకు, మనుష్యులకు కూడ అవే బుడ్డలు కలిగించును.

ఇంకొక మాట గట్టిగా చెప్పవలసియున్నది. ఉన్నట్టుండి చచ్చిన జీవమును, ముఖ్యముగా ముక్కు నుండి, ఆసనము నుండి గడ్డకట్టని నల్లని నెత్తురు కారుచున్న జీవమును, చౌకగా వచ్చుచున్నదని కోయరాదు. అది దొమ్మ రోగము, అనగా ఆంథ్రాక్స్, కావచ్చును. కళేబరమును విప్పినచో ఆ క్రిములు గాలి తగిలి గట్టి బీజములుగా మారి, నేలలో దశాబ్దముల తరబడి బ్రతికియుండును. కోయువాని చేతిపై చిన్న గీత ఉన్నను దాని ద్వారా లోనికి చేరి, మొదట దురద పొక్కుగా, తరువాత నొప్పిలేని నల్లని పుండుగా తేలును. చచ్చిన మేకల మాంసము కోసి తినిన వారికి ఈ రోగము సోకిన సంఘటనలు విశాఖ మన్యములో జరిగియున్నవి. అట్టి జీవమును కదల్చక పశువైద్యాధికారికి కబురు పంపి, ఆయన చెప్పినట్లు సున్నము వేసి ఆరడుగుల లోతున పూడ్చవలెను. దానిని తాకినవారికి పొక్కు కనిపించినచో ఆ రోజే ఆసుపత్రికి పోవలెను. తొలినాళ్ళలో మందులకు లొంగు రోగమిది.

వేలు తెగినచో

ఎంత జాగ్రత్త పడినను గాయము కావచ్చును. అప్పుడు కాఫీ పొడి, పసుపు, సున్నము ఏదియు అద్దరాదు. చిన్న గాయమైనచో సబ్బుతో, పారు నీటితో బాగుగా కడిగి, శుభ్రమైన గుడ్డతో కట్టవలెను. నెత్తురు ఎక్కువగా పోవుచున్నచో శుభ్రమైన గుడ్డను గాయముపై గట్టిగా అదిమిపట్టి, చేతిని గుండె కంటె ఎత్తుగా ఉంచి, ఆ పట్టు వదలక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. మాటిమాటికి విప్పి చూచినచో ఆగిన నెత్తురు మరల కారును.

వేలు తెగి పడినచో దానిని పారవేయరాదు! తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టి, ఆ సంచిని మంచుగడ్డలు కలిపిన నీటిలో ఉంచి గాయపడినవానితో పాటే పంపవలెను. వేలు నేరుగా మంచుగడ్డకు తగులరాదు. వేళకు చేరినచో వైద్యులు దానిని అతికించు అవకాశము కలదు. మా ఊరి యువకుని విషయములో ఈ ఒక్క సంగతి మాలో ఏ ఒక్కరికి తెలిసియున్నను బాగుండెడిది.

కత్తి పట్టు ప్రతివారును ధనుర్వాతపు టీకా పదేండ్లకొకసారి వేయించుకొనవలెను. మురికి గాయమైనపుడు టీకా వేసికొని ఎన్నాళ్ళయినదో వైద్యునికి తప్పక చెప్పవలెను. చేతిపై మానని గాయమున్నవాడు దానిని నీరు చొరని కట్టుతో కప్పుకొననిదే మాంసము ముట్టరాదు.

మన వంతు ఏమి?

"ఇవన్నియు బాగున్నవి గాని ఆలస్యమైతే బేరము ప్రక్క దుకాణమునకు పోవును గదా" అని కోయువారు అందురు. వారి మాటలో అబద్ధము లేదు. ఆదివారము ఉదయమున మూడు గంటలలో జరుగు అమ్మకముపై వారి వారమంతయు గడువవలెను. అట్టి వానికి "నిదానముగా పని చేయుము" అని ఒక్కనికే చెప్పి ప్రయోజనము లేదు. ఊరంతయు ఒక కట్టుబాటుకు వచ్చిననే అతడు నిదానింపగలడు. కావున కొనువారు, గ్రామ పెద్దలు చేయవలసిన పనులు కొన్ని చెప్పెదను.

పండుగకు ముందురోజు సాయంత్రమే ఎవరికి ఎంత కావలెనో చీటీపై వ్రాయించుకొని, వరుస సంఖ్య ఇవ్వవలెను. వచ్చినవారు మొద్దుకు నాలుగు బారల దూరమున త్రాడు కట్టిన చోట నిలువవలెను. తూచి డబ్బు పుచ్చుకొను పని మరొకరు చూడవలెను. కత్తి పట్టినవాడు లెక్క చెప్పనక్కరలేదు. ఎక్కువ జీవములు కోయునాడు ఇద్దరు మనుష్యులు, రెండు మొద్దులు ఉండవలెను. పోగులు వేసికొను రైతులు కూడ వచ్చినవాడల్లా కత్తి అందుకొనక, తెలిసినవానికే ఆ పని అప్పగించి అతనికి తగిన కూలి ఇవ్వవలెను.

సర్పంచులకు, పంచాయతీ కార్యదర్శులకు నా మనవి. ఊరికి ఒక చోట నీడ, సిమెంటు గచ్చు, నీటి కుళాయి, జీవమును వ్రేలాడదీయు ఇనుప దూలము, నెత్తురు పోవుటకు మూసిన గుంట, మంచి దీపము ఏర్పాటు చేయుడు. రావిచెట్టు క్రింద చీకటిలో కత్తి పట్టించి, వేలు తెగిన పిమ్మట జాలిపడుట మన గ్రామములకు తగదు. పశువైద్యాధికారిని పిలిపించి మాంసము కోయువారికి ఒక పూట మాటలు చెప్పించుడు. ఆరోగ్య కార్యకర్తను పిలిచి ఆ పూటనే టీకాలు వేయించుడు. ఈ వృత్తిలో శిక్షణ కోరు యువకులకు హైదరాబాదు వద్ద చెంగిచెర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ కలదని తెలియజేయుడు.

"మా తాతల నాటి నుండి ఇట్లే కోయుచున్నాము" అని కొందరు పెద్దలు అందురు. నిజమే. కాని ఆ తాతలలో ఎందరి చేతులకు అయిదు వేళ్ళును నిండుగా ఉండెడివో ఒకసారి జ్ఞాపకము చేసికొనుడు. ఆత్రగానికి బుద్ధి మట్టు అన్న సామెత కోయువాని గురించి పుట్టినది కాదు. చుట్టూ నిలిచి తొందరపెట్టు మన గురించియే అని నాకు తోచుచున్నది.

మా ఊరి యువకుడు మరల కత్తి పట్టినాడు. ఇప్పుడు ఎవరైనను తొందరపెట్టినచో అతడు కత్తిని మొద్దుపై పెట్టి, చేతులు కట్టుకొని నిలుచును. మాట ఆగిన తరువాతనే మరల పని మొదలుపెట్టును. మొదట కొందరు కోపించిరి. ఇప్పుడు మేము ముందురోజే చీటీ ఇచ్చి, మా వంతు వచ్చువరకు దూరముగా కూర్చుండుచున్నాము. కూర అరగంట ఆలస్యముగా ఉడుకుచున్నది. దాని వలన ఎవరికిని నష్టము కలుగలేదు. రాబోవు కనుమకు మీ ఊరిలోను ఈ పద్ధతి పెట్టి చూడుడు.